సబ్బు నురగ

కొత్త మిషన్ కంటే దాని గొప్పలే ముందు ఆ ఇంటికి వచ్చాయి. అన్నం ముందు కూర్చున్నా తమ్ముడి నోట అదే మాట, చెప్పులు విప్పుతున్నా అదే మాట. గ్యాసుతో నడుస్తుందట, మంటను ఎంతంటే అంత పెంచుకోవచ్చట, కాఫీ గింజల మీద ఊడిన పొట్టును తనే లాగేసి వేరే డబ్బాలో పోస్తుందట, వేగిన గింజల్ని పళ్ళెంలో తిప్పి చల్లార్చి మరీ ఇస్తుందట.

"అన్నీ అదే చేసుకుంటే మధ్యలో నేనెందుకురా?" అని అడిగింది అక్క.

"దానికి ముక్కు లేదక్కా. అది నువ్వు పెట్టాలి" అన్నాడు తమ్ముడు నవ్వుతూ.

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాక, మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగింది. ఎందుకంటే ఆవిడ ముక్కు పని చేయడం మానేసి అప్పటికి చాలా కాలమైంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాఫీ గింజలు వేయించే పనిలో ఆవిడది పేరున్న చెయ్యి. వాళ్ళ నాన్న కొడుకును పక్కనపెట్టి కూతురికి ఆ పని నేర్పింది ముక్కు చూసే. సంచి మూతి విప్పగానే అది తడిసి ఆరిన సరుకో కాదో చెప్పేది. డ్రమ్ములో గింజ పచ్చివాసన ఎప్పుడు వదిలిందో, కాల్చిన రొట్టె వాసనలోకి ఎప్పుడు దిగిందో, అది దాటి మాడు వైపు ఎప్పుడు తిరిగిందో పక్కగదిలో ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేది. ఇరుగుపొరుగువాళ్ళు పాలు విరిగాయా లేదా అని గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు. తమ్ముడు కుర్రతనంలో ఒకసారి సిగరెట్ తాగి, మొహం సబ్బుతో తోముకుని మరీ ఇంట్లోకొస్తే, గుమ్మంలోనే చెవి మెలిపెట్టింది. ఆ కసికొద్దీ వాడు పెట్టిన పేరే 'ముక్కక్క'. పేరు ఇంట్లోంచి కొట్లోకీ, కొట్లోంచి వీధిలోకీ పాకింది. పెళ్ళి మాటెత్తిన వాళ్ళతో "ఈ డ్రమ్మును కట్టుకున్నాను, చాలు" అనేది ఆవిడ. ఆ ఇంట్లో ఆవిడ మాటకున్న బరువు వయసు వల్ల వచ్చింది కాదు. ముక్కు వల్ల వచ్చింది. ఆ విషయం అందరికంటే ఆవిడకే బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

చలికాలంలో జలుబు పట్టి, జ్వరంలోకి దింపింది. జ్వరం పోయింది, జలుబూ పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఒక రోజు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడుతుంటే ఆవిడ పక్కనే నిలబడి తువ్వాలు మడతపెడుతోంది. మరదలు పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పింది. "ఏదో ఆలోచనలో పడ్డానే" అంది అక్క. అబద్ధం అక్కడ మొదలైంది. రేపో ఎల్లుండో వచ్చేస్తుంది, ఈలోపు అందర్నీ గాభరాపెట్టడం దేనికి అనుకుంది. చాటుగా డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ముక్కులో వేసుకునే చుక్కలు రాసిచ్చి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. ఆ మాట కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చింది.

అప్పట్నుంచి చెవులతో, కళ్ళతో నెట్టుకొస్తోంది. గింజ చిటపటలాడే చప్పుడు వింటుంది. పొడుగు గరిటె డ్రమ్ములోకి గుచ్చి, నాలుగు గింజలు బయటికి తీసి, వెలుతురుకి పెట్టి రంగు చూస్తుంది. చూశాక గరిటెను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకోవడం మాత్రం మానలేదు. అది చూడ్డానికి జనం నిలబడిపోతారు మరి. "ఈసారి కాస్త తేనె వాసన కొడుతోంది" అంటుంది, ఎప్పటిదో ఒక జ్ఞాపకాన్ని తడుముకుని. తమ్ముడు తల ఊపుతాడు. ఆవిడ అన్నాక వాడికీ తేనె వాసనే కొడుతుంది.

బొగ్గుల మీద తిరిగే పాత డ్రమ్మును పాతసామాన్లవాడికి ఇచ్చేస్తుంటే మాత్రం ఆవిడ అడ్డుపడింది. "ఉంచరా, ఏ మూలో పడుంటుంది" అంది. "దాని పని అయిపోయిందక్కా" అన్నాడు తమ్ముడు, ఆవిడ మొహంలోకి చూడకుండా. ఏనాడూ అక్క మాట కాదననివాడు ఆ ఒక్క విషయంలో మొండికేశాడు. డ్రమ్ము బండిలో పట్టకపోతే వాకిట్లోనే సమ్మెటతో ముక్కలు చేయించాడు. వాడికెందుకంత పంతమో ఆవిడకు అంతుపట్టలేదు. కొత్త మోజులే అనుకుని ఊరుకుంది.

మెకానిక్ పొద్దున్నే దిగాడు. పొట్టా పెద్దదే, గొంతూ పెద్దదే. "మిషన్‌దేముందమ్మా, పసిపిల్లలాంటిది, చెప్పినట్టు వింటుంది. మనుషులతోనే నాకు తలనొప్పి" అంటూ చొక్కా చేతులు మడిచాడు. కొట్టు వెనక ఉన్న వేయింపు గది కొట్టు కంటే ఒక మెట్టు పల్లంలో ఉంటుంది. ఒక పక్క కిటికీ, వెనక సందులోకి ఒక షట్టర్, అంతే. మిషన్‌ను గోడ వారగా నిలబెట్టి, బద్ద పెట్టి మట్టం చూసి, కాళ్ళ కింది మరలు తిప్పి సరిచేశాడు. పొగగొట్టాన్ని గోడ కన్నంలోంచి బయటికి తీసి, చుట్టూ సందు లేకుండా మెత్తాడు. సందులో ఇనుప జాలీ వెనక పెట్టిన సిలిండర్ల నుంచి రాగి గొట్టం లోపలికి తెచ్చాడు. ఆ గొట్టానికీ మిషన్‌కీ మధ్య వంగే గొట్టం ఒకటి వేసి, నేలకు జానెడు ఎత్తులో నట్టు బిగించాడు.

తర్వాత సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కప్పు, గడ్డం గీసుకునే బ్రష్షు తీశాడు. కప్పులో సబ్బునీళ్ళు చిలికి, వాల్వు తిప్పి, అతుకున్న ప్రతిచోటా నురగ పూశాడు.

"గ్యాసు కారితే ఇక్కడ బుడగ లేస్తుంది. మనిషి అబద్ధమాడతాడు గానీ బుడగ ఆడదు సార్. ఇది చూడకుండా నేను మంట వెలిగించను. మా గురువుగారే వచ్చి వెలిగించమన్నా వెలిగించను."

నురగ ఎక్కడా కదల్లేదు. మెకానిక్ తృప్తిగా బ్రష్షు దులిపాడు.

అక్క తన ఎత్తుపీట తెచ్చుకుని, మిషన్ ముందు కూర్చుని చూసింది. గింజలు తీసే గరిటె ఆవిడ కుడిచేతికే అందుతోంది. కానీ కిటికీ వెనకపడింది. గరిటెలో గింజల మీద ఆవిడ నీడే పడుతోంది. ముక్కు ఉన్న రోజుల్లో అయితే చీకట్లో కూర్చోబెట్టినా వేయించేది. ఇప్పుడు ఆ వెలుతురు లేకపోతే ఆవిడ దగ్గర ఏమీ లేదు.

"ఇలా కాదు. దీన్ని కాస్త కిటికీ వైపు తిప్పాలి" అంది.

"అన్నీ బిగించేశాక ఇప్పుడా అమ్మా?" మెకానిక్ మొహం వేలాడేశాడు. "పైన లైటు వేయించుకోండి, బ్రహ్మాండంగా కనపడుతుంది."

"లైటు కింద రంగు నిజం చెప్పదు."

"రంగుదేముందక్కా, నీకు వాసన చాలు కదా" అన్నాడు తమ్ముడు.

ఆవిడకు చర్రున కోపమొచ్చింది. భయం వేసినప్పుడల్లా ఆవిడకు కోపమే వస్తుంది. "వేయించేది నువ్వా నేనా? తిప్పమంటే తిప్పించు" అంది. తమ్ముడూ మెకానిక్కూ కలిసి మిషన్‌ను ఒక పక్కకు తిప్పారు. తిప్పడానికి నట్టు విప్పాల్సొచ్చింది, తిప్పాక మళ్ళీ బిగించాల్సొచ్చింది. ఈసారి నట్టు గోడకూ మిషన్‌కూ మధ్య ఇరుకులో పడింది. మెకానిక్ ఒక భుజం లోపలికి దూర్చి, కనపడక తడుముతూ, గసపెడుతూ స్పానర్ తిప్పాడు. బయటికొచ్చేసరికి సబ్బునీళ్ళ కప్పు కాలు తగిలి ఒలికిపోయి ఉంది.

"కొంచెం నీళ్ళు, సబ్బూ ఇప్పించండి సార్. మళ్ళీ చూడాలి."

"ఇంకా సబ్బెందుకండీ! మా అక్క ఉండగా?" తమ్ముడు ఉత్సాహంగా అన్నాడు. "మీకు తెలీదు, ఈవిడ ముక్కు ముందు మీ బుడగలు బలాదూర్. పక్కవీధిలో అగ్గిపుల్ల గీస్తే ఇక్కడ తుమ్ముతుంది."

"ముక్కక్క అంటే ఈ అమ్మేనా? నేనూ విన్నానండోయ్" అన్నాడు మెకానిక్. ఆ ఇరుకులోకి ఇంకోసారి దూరాలని అతనికీ లేదు. "సరే అమ్మా, మీరే చూసి చెప్పండి. మీ ముక్కుకే దండం." వాల్వు తిప్పాడు.

ఇద్దరూ ఆవిడ వైపు చూస్తున్నారు. నాకు వాసన తెలియడం లేదు అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకోటి రాదు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తమ్ముడి మొహంలో, గారడీ చూసే పిల్లాడికి ఉండేలాంటి నమ్మకం వెలుగుతోంది. ఆ మొహం ఆరిపోతే ఎలా ఉంటుందో చూడ్డానికి ఆవిడకు ధైర్యం చాల్లేదు. ఇంతకుముందు ఒకసారి నురగ పెట్టి చూశాడు కదా, ఇంతలోకే ఏమైపోతుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. వంగి, గోడ వారకు తలపెట్టి, గట్టిగా గాలి పీల్చింది. చల్లటి గాలి లోపలికి పోయింది. అంతకుమించి ఏమీ లేదు.

"ఏం లేదు" అంది.

అది అబద్ధమని కూడా అనలేం. ఆవిడకు ఏమీ లేనిమాట నిజమే. ఆవిడకున్న ముక్కుకు, ఆ ఇల్లు మొత్తం తగలబడినా ఏమీ ఉండదు.

సందులో ఎవరో రోడ్డు తవ్విస్తున్నారు. దుమ్ము లేచి మిషన్ లోపలి గ్రీజు మీద పడుతుందని తమ్ముడు షట్టర్ దించేశాడు. గాలి లాగే బ్లోయర్‌కి కరెంటు తీగ కలపడానికి మెకానిక్ కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. వాల్వు తిప్పి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ పని తేలేసరికి చాలాసేపే పట్టింది.

మరదలు గదిలో ఒక మూల చిన్నపీట మీద కూర్చుని చేటలో పుచ్చుగింజలు ఏరుతోంది. పిల్ల నెల తప్పింది, వేవిళ్ళు ఇంకా తగ్గలేదు. ఈ మధ్య ఆ అమ్మాయికి పడని వాసన లేదు. సబ్బు పడదు, తలనూనె పడదు, ఉతికిన బట్టలు పడవు, మొగుడైతే అసలే పడడు. రోజుకోసారి "ఏదో కంపు" అంటూ ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తడం, తీరా చూస్తే ఏమీ లేకపోవడం ఇంట్లో నవ్వులాటగా మారింది.

"ఏమండీ, ఇక్కడేదో వాసన వస్తోంది" అంది చేట కింద పెట్టి.

"వచ్చింది. ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నా" అన్నాడు మొగుడు కుర్చీ పట్టుకుని నిలబడి. "ఇవాళ ఏం వాసనో? నిన్న అద్దం కంపు కొడుతోందన్నావు."

"నిజంగానే. కుళ్ళిన ఉల్లిపాయ లాగా. కింద కూర్చుంటే తెలుస్తోంది."

"మాకేం రావట్లేదమ్మా" అన్నాడు మెకానిక్ పైనుంచి. "కొత్త గొట్టాలు కదా, నూనె వాసన కొట్టొచ్చు."

"వదినా, మీకు తెలియడం లేదా?"

ఆ పిల్ల అంత అమాయకంగా అడిగింది. కుళ్ళిన ఉల్లిపాయ వాసన అంటే ఏమిటో ఆవిడకు తెలియకేం? తెలుసు. కానీ అంతకుముందే ఏం లేదని చెప్పింది. ఇప్పుడు ఉందంటే, అప్పుడెందుకు లేదన్నావు అంటారు. ఒక దారాన్ని లాగితే చీరంతా ఊడి వచ్చేలా ఉంది. పైగా ఈ పిల్లకు రోజూ ఏదో ఒక కంపే కదా.

"నీకీ మధ్య అన్నీ వాసనలేనే. రంగు వేసిన వాసన అది. కాసేపు బయట కూర్చో" అంది.

ఒకళ్ళ ముక్కు సరిగ్గా ఉంది, ఇంకొకళ్ళ ముక్కు చచ్చిపోయింది. ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. మరదలు కూడా పేచీ పెట్టలేదు. తన ముక్కునే తప్పుపట్టుకుంటూ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మళ్ళీ గింజలు ఏరుకోవడంలో పడింది. బయటికి మాత్రం వెళ్ళలేదు. కొత్త మిషన్ వెలిగించడం చూడాలని ఆ పిల్లకూ ఉంది.

"అయిపోయింది సార్. ఈ స్విచ్చు నొక్కితే బ్లోయర్ తిరుగుతుంది, డ్రమ్ము తిరుగుతుంది, ఆ వెనకాలే నిప్పు పడుతుంది. ఎవరు నొక్కుతారు?" అన్నాడు మెకానిక్ కుర్చీ దిగి.

"అక్కే నొక్కాలి" అన్నాడు తమ్ముడు.

"నాకెందుకురా. నీ మిషన్, నువ్వే నొక్కు" అంది అక్క.

తమ్ముడు కాసేపు ఆలోచించి, పెళ్ళాం వైపు తిరిగాడు. "లేవే, నువ్వు నొక్కు. పొద్దుట్నుంచీ వాసనా వాసనా అని నస పెడుతున్నావుగా, ఇప్పుడు మంచి కాఫీ వాసన చూద్దువుగాని."

మరదలు చేట పక్కనపెట్టి, చీర దులుపుకుని లేచింది. మిషన్ దగ్గరికొచ్చి ఆగింది. ఆ పిల్ల మొహం ముడుచుకుంది. స్విచ్చు వైపు చూసి, నేల వైపు చూసింది. ఇంకోసారి ఏదో అనబోయి, అక్క మొహం చూసి, తన మీద తనే నవ్వుకుంది.

"నా మొహం. వదిన లేదన్నాక ఇంకేంటి" అంటూ వేలు చాచింది.

ఆ మాటే లేకపోతే ఏమయ్యేదో. అక్క ఎప్పుడు ఎత్తుపీట మీంచి లేచిందో ఆవిడకే తెలియదు. మరదలి మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేసింది. గాజు ఒకటి పగిలి కింద పడింది.

"వద్దు! నాకు వాసన తెలీదు! నాకేమీ తెలీదే!"

"ఏంటక్కా?" తమ్ముడికి అర్థం కాలేదు.

"నా ముక్కు పోయిందిరా. జ్వరమొచ్చినప్పుడే పోయింది. ఇందాక ఊరికే వంగాను. దానికి వాసనొస్తోందంటే వస్తున్నట్టే, ఆపించు!"

మెకానిక్ అంత పొట్టవేసుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు, నేలకు ముక్కు ఆనించాడు, మరుక్షణం లేచాడు. "ఎవరూ ఏ స్విచ్చూ ముట్టుకోకండి! లైటు వేయొద్దు, ఫోను తీయొద్దు! బయటికి నడవండి!" అతను వాల్వు కట్టేసి, షట్టర్‌ను రెండు చేతులతో నెమ్మదిగా పైకెత్తాడు. తమ్ముడు పెళ్ళాన్ని పొదివి పట్టుకుని సందులోకి నడిపించాడు. అక్క వెనకాల వచ్చింది. ఆవిడ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు, పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

సందులో తవ్వకం మిషన్ గడగడలాడుతోంది. మెకానిక్ పరుగెత్తుకెళ్ళి దాన్నీ ఆపించాడు. లోపలి గాలి బయటికి పోయేదాకా నలుగురూ ఎదుటి గోడ నీడలో నిలబడ్డారు. గ్యాసు బరువు, నేలబారున పాకుతుంది, గది పల్లంలో ఉంది కాబట్టి అక్కడే పేరుకుంది అని మెకానిక్ తనలో తను గొణుక్కుంటున్నాడు. "కూర్చున్నావిడకు తెలిసింది. మేం ఇద్దరం నిలబడే ఉన్నాం. నాదే బుద్ధి తక్కువ. నురగ పెట్టకుండా ఏ రోజూ వదల్లేదు నేను, ఏ రోజూ" అంటూ నుదురు కొట్టుకున్నాడు.

లోపలికి వెళ్ళొచ్చనిపించాక అతనే ముందు వెళ్ళాడు. కిటికీ అంచున దొరికిన సబ్బు ముక్కతో నురగ చేసి, వాల్వు ఒక్క పిసరు తిప్పి, ఆ ఇరుకులోకి చెయ్యి దూర్చి పూశాడు. షట్టర్ దగ్గర్నుంచే కనపడింది. నట్టు పక్కన ఒక బుడగ ఉబ్బింది, పెద్దదైంది, పగిలింది. దాని వెనకే ఇంకోటి. మెకానిక్ వాల్వు కట్టేశాడు.

తమ్ముడు గడపలో కూర్చుండిపోయాడు.

"చలికాలం నుంచా?"

"ఊఁ."

"అయితే ఇన్నాళ్ళూ వేయించిందంతా..."

"చూసి వేయించాను. విని వేయించాను. ఒక్క దఫా మాడనివ్వలేదురా. రంగు నాకు తెలుసు" అంది అక్క.

"మాడింది" అన్నాడు తమ్ముడు. తిట్టినట్టు అనలేదు, అదే ఆవిడకు ఎక్కువ గుచ్చుకుంది. "జనం అంటూనే ఉన్నారక్కా. చేదెక్కిందని ఒకరు, గడ్డి నీళ్ళలా ఉందని ఒకరు. నాన్న నాటి నుంచి తీసుకెళ్ళేవాళ్ళు రావడం మానేశారు. నీతో ఎలా చెప్పేది? నీ ముక్కుకు తెలియనిది వాళ్ళ నోటికి తెలిసిందా అనుకున్నాను. నాకూ చేదుగానే ఉండేది. నా నాలుకే చెడింది కాబోలు అనుకున్నాను. ఇక నీలో తప్పుండదు గనక, డ్రమ్ములోనే ఉందనుకున్నాను."

"అందుకా దాన్ని..."

"అందుకే. పాడైపోయిందనుకుని పగలగొట్టించాను. నీ మనసు కష్టపెట్టడం ఇష్టంలేక కొత్తమోజని నటించాను."

అక్క గోడకు చేరబడింది. వాకిట్లో సమ్మెట దెబ్బలకు సొట్టలు పోతున్న డ్రమ్ము ఆవిడ కళ్ళ ముందుకొచ్చింది. ఏ పాపమూ ఎరగని డ్రమ్ము. తన అబద్ధానికి అది ముక్కలైంది. తన అబద్ధానికే ఈ కొత్త మిషన్ వచ్చింది, తన అబద్ధానికే కిటికీ వైపు తిరిగింది, నట్టు వదులైంది. అక్కడితో ఆగకపోయి ఉంటే అన్న ఆలోచన ఆవిడ పూర్తి చేయలేకపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దాచుకుందామని కూడా అనుకోలేదు.

మరదలు గాజు గీరుకుపోయిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని, ఎదుటి గోడ దగ్గరే నిలబడి ఉంది. మొగుడు రమ్మని చెయ్యి ఊపినా రాలేదు.

"వదినా" అంది అక్కడినుంచే. "మీకు తెలియకపోతే తెలియలేదని ఊరుకోవచ్చు. ముక్కు పోయిన మనిషి మీరొక్కరే కాదుగా. కానీ నాకు వస్తోందని చెప్పాను కదా. నాకు వచ్చింది కూడా లేదని ఎందుకన్నారు?"

అక్కకు క్షమించమని అడుగుదామన్నా, అది చాలా చిన్నమాటగా తోచింది. తల వంచుకుని నిలబడింది. తమ్ముడి వంక చూస్తే, వాడూ తల వంచుకునే ఉన్నాడు. పొద్దుట్నుంచీ పెళ్ళాన్ని ఆటపట్టించింది వాడే మరి.

మెకానిక్ ఈసారి పని కానివ్వండి అని ఎవర్నీ తొందరపెట్టలేదు. ఎవర్నీ అడక్కుండా మిషన్‌ను మూరెడు ముందుకు జరిపించాడు, తన పొట్ట పట్టేంత చోటు చేసుకున్నాడు. నట్టు పూర్తిగా విప్పి, లోపలి వాషర్ ఒరిగి నలిగిందని చూపించి, కొత్తది వేశాడు. టార్చిలైటు పట్టుకుని చూస్తూ బిగించాడు. వాల్వు తిప్పాడు.

తమ్ముడు పాత అలవాటు కొద్దీ అక్క వైపు తిరిగాడు. తిరిగినవాడు గబుక్కున తల తిప్పేసుకున్నాడు. ఆ తిప్పుకోవడం ఆవిడ చూసింది. రాకపోవచ్చని డాక్టరు చెప్పినప్పుడు కాదు, ఇప్పుడు పోయింది ఆవిడ ముక్కు.

"నువ్వు చూడవే" అన్నాడు వాడు పెళ్ళాంతో.

మరదలు లోపలికొచ్చింది. నట్టు దగ్గర గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా వాసన చూసింది. ముగ్గురూ ఆ పిల్ల మొహంలోకే చూస్తున్నారు.

"లేదు" అంది.

"హమ్మయ్య!" అని తమ్ముడు స్విచ్చు వైపు అడుగు వేశాడు.

"ఆగండి!" మరదలి గొంతు అంత గట్టిగా ఆ గదిలో ఎప్పుడూ పలకలేదు. "నేను లేదన్నానని వెలిగించేస్తారా? ఇందాక వదినతో చేసిందే ఇప్పుడు నాతో చేస్తున్నారు."

సబ్బునీళ్ళ కప్పు, బ్రష్షు తీసుకొచ్చి అక్క ముందు పెట్టింది. ఆ పిల్ల మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది. "మీరు పెట్టండి వదినా. కళ్ళు బాగానే పని చేస్తున్నాయిగా" అంది.

అక్క నేల మీద చతికిలబడింది. నురగ చిలికి, నట్టు చుట్టూ, కింద, వెనక, చెయ్యి పట్టినంత మేరా పూసింది. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా అక్కడే పడుతోంది. ఆవిడ రెప్ప వేయకుండా చూసింది. నురగ తెల్లగా, కదలకుండా ఉంది. చూస్తూనే ఉంది. అంచుల్లో అది ఆరిపోతుంటే, మళ్ళీ తడిపి పూసి, మళ్ళీ చూసింది.

"ఏమైందక్కా, లేస్తోందా?" అన్నాడు తమ్ముడు ఉండబట్టలేక.

"లేవట్లేదు" అంది ఆవిడ తల తిప్పకుండా. "నా మాట మీద మాత్రం వెలిగించకు. నువ్వూ వంగి చూడు."

తమ్ముడు వచ్చి అక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనకాలే మెకానిక్ ఆయాసపడుతూ వంగాడు. మరదలు కాస్త ఎడంగా, నిలబడే చూసింది.

ఆ రోజు స్విచ్చు ఎవరు నొక్కారో తర్వాత ఎవరికీ గుర్తు లేదు. మంట పడింది, నీలంగా, నిలకడగా. తమ్ముడు మిషన్‌లో గింజలు పోశాడు. చిటపటలు మొదలవగానే అక్క చెయ్యి దానంతట అదే గరిటె పట్టుకుంది, గుచ్చింది, గింజలు బయటికి తీసింది. వెలుతురుకి పెట్టి రంగు చూసింది. ముక్కు దాకా వచ్చిన గరిటెను ఆవిడ మధ్యలోనే ఆపేసింది. దాన్ని అలాగే పట్టుకుని, మరదలి వైపు చాచింది.

మరదలు వెంటనే తీసుకోలేదు. గరిటెలో గింజలు పొగలు కక్కుతున్నాయి. అయినా ఆవిడ చెయ్యి దించలేదు.

"చెప్పవే" అంది. "ఎలా ఉంటే అలాగే చెప్పు."